రెండో శనివారం లోకాంతం

పాలకొల్లులో ఎస్తేరు రాణి ఇంటికి ప్రతి రెండో శనివారం, పొద్దున్న టిఫిన్లయ్యాక, లోకాంతం వస్తుంది. ఊరంతటికీ కాదు, ఆమె ఒక్కదానికే. సమాప్తి శాఖ ఉద్యోగి సత్తిరాజు సైకిలు గేటుకి ఆనించి, సంచీలోంచి బూర తీసి ఊదుతాడు. ఆకాశం చాపలా చుట్టుకుపోతుంది. నక్షత్రాలు కొన్ని పక్కింటి డాబా మీద, కొన్ని మురిక్కాలవలో రాలతాయి. ఎస్తేరు రాణి చేతిలో ఏ పనున్నా పడేసి వాకిట్లోకి పరిగెత్తి, పైకి చూసి వణికిపోతుంది. ఆమె చూసిందని తేల్చుకున్నాక సత్తిరాజు ఆకాశాన్ని మళ్ళీ పరిచి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతాడు. బట్టలు ఆరేసిన రోజైతే పక్కింటివాళ్ళు కాస్త విసుక్కుంటారు, అంతే.

ఈ ఏర్పాటు ఆమె తండ్రి జకర్యా చలవ. ఆయన ప్రార్థన మందిరంలో పెద్ద. లోకం ఇవాళో రేపో అయిపోతుందని గట్టిగా నమ్మిన మనిషి. ఆ ఇంట్లో కొత్త క్యాలెండరు జనవరి ఒకటి తెల్లారితే గానీ కొనేవారు కాదు. ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టిన పాపాన పోలేదు. “వచ్చే వేసవిదాకా ఉంటామని నీకెవరు చెప్పారే?” అని భార్యని అడిగేవాడు. ఎస్తేరు రాణి చిన్నప్పుడు ఓ రోజు బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అందరినీ పరలోకానికి తీసుకుపోయి తననొక్కదాన్నీ వదిలేశారనుకుని మెట్ల మీద కూర్చుని గుండెలవిసేలా ఏడ్చింది. తల్లి కరివేపాకు కోసం పక్క వీధికి వెళ్ళిందని తర్వాత తెలిసింది గానీ, శాఖవారు అప్పటికే పిల్ల పేరు ఎక్కించుకున్నారు. తండ్రి పోయాడు. ఆమె మందిరానికి వెళ్ళడం ఎప్పుడో మానేసింది. శాఖ మాత్రం రావడం మానలేదు.

కిందటి నెల సత్తిరాజు మంచినీళ్ళ గ్లాసు తిరిగిస్తూ ఓ మాట చెప్పాడు.

“పాపకి పన్నెండు నిండుతున్నాయి కదండీ. వచ్చే నెల దాటితే పాప పేరు మీదకి మార్చేస్తామండి. రూలండి.”

ఎస్తేరు రాణి గ్లాసు కింద పెట్టేసింది. తను పడిందేదో పడింది, కూతురు ప్రిస్కిల్లా ఇది పడకూడదు.

“ఆపించాలంటే ఏం చెయ్యాలండీ?”

“ఏం చెయ్యక్కర్లేదండి. బూర ఊదినప్పుడు మీరు బయటికొచ్చి చూడకపోతే చాలు. పేరు ఎక్కినవాళ్ళు చూడకపోతే జరిగినట్టు లెక్కలోకి రాదండి. నేను ఇదివరకు కలియుగాంతం సెక్షన్లో చేసేవాణ్ణి. అక్కడెవరూ తొంగి కూడా చూడట్లేదని మమ్మల్ని ఇటు సర్దారండి.”

“చూడకపోతే చాలా?”

“చాలండి. ఈ సెక్షన్లో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరివల్లా కాలేదనుకోండి.”

చేతులు ఖాళీగా ఉంటే కాళ్ళు ఆగవని ఎస్తేరు రాణికి తెలుసు. అందుకని ఈ రెండో శనివారం పొద్దున్నే ఆవకాయ పెట్టడానికి కూర్చుంది. ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొడిగుడ్డతో తుడిచి, కారం, ఉప్పు, ఆవపిండి పోసి చేత్తో కలపడం మొదలుపెట్టింది. బూర మోగింది. వంటింట్లో వెలుగు తగ్గింది. కిటికీ చువ్వలకి ఒకటి రెండు నక్షత్రాలు తగిలి కింద పడ్డాయి.

ప్రిస్కిల్లా గుమ్మంలోకి వచ్చింది. “అమ్మా, ఆకాశం లేదే!”

“వస్తుందిలే. నువ్వు ఆ నూనె గిన్నె ఇలా అందుకో.”

బూర మళ్ళీ మోగింది. ఈసారి సత్తిరాజు వంటింటి కిటికీ దగ్గరికే వచ్చి ఊదాడు.

“అమ్మగారూ, ఒక్కసారి ఇటు చూద్దురూ!”

“చేతులు ఖాళీ లేవండి.”

ఆమెకి భయమేసింది. నాన్న చెప్పిందే నిజమైతే తన కూతురు కూడా మెట్ల మీద ఒంటరిగా మిగిలిపోతుందేమోనని ఏడుపొచ్చింది. కారం చేతులతో కళ్ళు తుడుచుకునే వీల్లేదు. తడి తగిలితే ఊరగాయ బూజు పడుతుంది కనక మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది. కలపడం మాత్రం ఆపలేదు.

కాసేపటికి వంటింట్లోకి మామూలు వెలుగొచ్చింది. సత్తిరాజు మురిక్కాలవలో నక్షత్రాలన్నీ ఏరి సంచీలో వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“అయిపోయిందండి. ఇంక రాను.”

“మరి మీ ఉద్యోగం?”

“మాకేం లోటండీ. టీవీ ఛానెళ్ళవాళ్ళు రోజూ రమ్మంటున్నారు. స్కూళ్ళకైతే మనుషులు చాలట్లేదు. అక్కడ బూర కూడా అక్కర్లేదండి, మైకులిచ్చారు.”

ఆ రాత్రి ఎస్తేరు రాణి తలుపు గడియ వేసుకుని హాయిగా నిద్రపోయింది. మూడోనాడు ఊరగాయ తిరగ కలిపి, రుచి చూసి, ఉప్పు సరిపోయిందని సంతోషించింది. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్ని కదా అనుకుంది.

ఆ వారంలోనే ప్రిస్కిల్లా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. మైకు సరిచేసింది సత్తిరాజు కాదు, ఎవరో కొత్తాయన. కరస్పాండెంటుగారు గొంతు సవరించుకున్నారు.

“ఏడో తరగతిలో ఫౌండేషన్ పడకపోతే మీ పిల్లల జీవితం ఇక్కడితో ముగిసినట్టే. తర్వాత ఏడ్చి లాభం లేదు. సీట్లు కొద్దిమందికే. మిగతావాళ్ళు మిగిలిపోతారు.”

తల్లులూ తండ్రులూ తలలూపారు. నాన్న చెప్పింది వేరు, ఇది చదువు కదా, లెక్కలూ సైన్సూ కదా అనుకుని ఎస్తేరు రాణి కూడా ఊపింది.

ప్రిస్కిల్లా ఆమె చీర కొంగు పట్టుకుంది. “అమ్మా, భయమేస్తోందే.”

“ఆ మాత్రం భయం ఉండాలమ్మా,” అంది ఎస్తేరు రాణి.