మంట వారి ఆఖరి పాట

ఆ ఉదయం బిందుమాధవి వేసుకున్న పథకం చాలా చిన్నది. కింద వాటాలో ఉండే ఇంటావిడ సుబ్బరావమ్మ పొద్దున్నే వేటపాలెంలో చెల్లెలింటికి వెళుతుంది. ఆవిడ తిరిగొచ్చేలోగా మేడమీద గదిలో బిందుమాధవి భర్త ప్రేమ్‌చంద్ పాట రికార్డు చేసుకుంటాడు. బిందుమాధవి పులిహోర కలిపి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రికార్డరు మీది ఎర్ర మీట నొక్కుతుంది. పెళ్లయి నెల తిరక్కుండానే మొగుడు తనకు అప్పగించిన తొలి ఉద్యోగం అది. తలుచుకుంటేనే నవ్వు ఆగడం లేదు ఆమెకు.

ప్రేమ్‌చంద్ గిటారు వాయించే హెవీ మెటల్ బృందం పేరు "మంట". మొదటి ఆల్బమ్ మొదలుపెట్టిన నాటి నుంచీ దానికి శాంతి లేదు. ఒకడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. పాటగాడు వీరబాబు గొంతు బోరు మోటారులా ఉందని డ్రమ్మరు అంకమ్మరావు అన్నాడు. నీ వాయింపుకంటే మిరపకాయల టిక్కీ బస్తాలు లారీలోకి విసిరే చప్పుడే నయమని వీరబాబు అన్నాడు. దాంతో అంకమ్మరావు డ్రమ్ములు గదిలోనే వదిలేసి, వాళ్ల నాన్న మిర్చి కొట్లో కూర్చున్నాడు. ఇంకా ఒక్క పాట మిగిలింది. విజయవాడ నుంచి అరువు తెచ్చిన రికార్డరు సాయంత్రానికి వెనక్కి పోవాలి. ఇవాళ పాట కాకపోతే ఆల్బమూ లేదు, బృందమూ లేదు.

"డ్రమ్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు నువ్వు పాడరా," అన్నాడు ప్రేమ్‌చంద్ దిగులుగా.

వీరబాబు జుట్టు విరబోసుకున్నాడు. తల గిరగిరా తిప్పనిదే అతనికి పాట రాదు. కళ్లు మూసుకుని, ఊగుతూ, పొట్టలోంచి ఒక గర్జన లాగాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. బస్సు తప్పిపోయి తిరిగొచ్చిన సుబ్బరావమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పాటలూ గీటలూ వినిపిస్తే సామాన్లు రోడ్డు మీదుంటాయని ఇల్లిచ్చిన రోజే చెప్పిన మనిషి.

సుబ్బరావమ్మ చేతిసంచి కింద పడేసి దణ్ణం పెట్టింది.

"అమ్మాయ్! మనిషికి పూనకం వస్తే అలా చోద్యం చూస్తారేంటే? పసుపునీళ్లు పట్రా!"

"అది కాదు మామ్మగారూ..."

"నువ్వు మాట్లాడకు! వేపమండలు నే తెప్పిస్తా."

మెట్ల మీంచి ఆవిడ వేసిన కేక వీధి చివరిదాకా వెళ్లింది. కాసేపట్లో గది నిండింది, మెట్లు నిండాయి. ఎదురు క్లినిక్కులో కూర్చున్న రోగులు టోకెన్లు పట్టుకునే వచ్చేశారు.

"తల్లీ, ఈసారి మిర్చి రేటు నిలబడుద్దా?" అనడిగాడొక రైతు.

తన పాట మోతలో ఇదేమీ వినపడని వీరబాబు, కళ్లు మూసుకునే చరణం అందుకుని భయంకరంగా గర్జించాడు.

"పడిపోద్దంట! ఇవాళే అమ్మేయాలి," అంటూ ఆయన మిర్చి యార్డుకు పరుగెత్తాడు.

సుబ్బరావమ్మ బిందెడు పసుపునీళ్లు వీరబాబు నెత్తిన కుమ్మరించింది. "శాంతించు తల్లీ! నీకేం కావాలో అడుగు!"

వీరబాబు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. ఎదురుగా జనం. పాట సర్వనాశనం. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"ఏం కావాలా? నాకు అంకమ్మరావు కావాలి! వాడు లేకపోతే నా వల్ల కాదు!"

ఇద్దరు కుర్రాళ్లు స్కూటరేసుకుని వెళ్లి, అంకమ్మరావును మధ్యలో ఇరికించుకుని తెచ్చారు. అతను గుమ్మంలోనే బిగుసుకున్నాడు.

"వాడు సారీ చెప్తేగానీ పుల్లలు ముట్టను."

"అమ్మవారి చేత సారీ చెప్పించుకుంటావంట్రా? కూర్చో!" సుబ్బరావమ్మ అతని భుజం నొక్కి డ్రమ్ముల ముందు కూలేసింది.

అన్ని వేపమండల మధ్య కాదనే ధైర్యం ఎవరికుంటుంది? అంకమ్మరావు వాయించాడు. ప్రేమ్‌చంద్ గిటారు అందుకున్నాడు. తడిసి ముద్దయిన వీరబాబు మళ్లీ తల తిప్పాడు. బిందుమాధవి ఎర్ర మీట నొక్కింది. పాట మొత్తం ఒక్క ఊపులో, ఒక్క తప్పు లేకుండా పూర్తయింది. అంతసేపూ జనంలో ఒక్కరూ దగ్గలేదు.

"పడింది! మొత్తం పడిందండీ!" బిందుమాధవి గెంతింది. ప్రేమ్‌చంద్ అందరి ముందూ ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు.

"నేను లేకపోతే కాదన్నావంటగా?" పులిహోర తింటూ అడిగాడు అంకమ్మరావు.

"నేనెక్కడన్నానురా? అమ్మవారంది," అన్నాడు వీరబాబు, తన పళ్లెంలోని జీడిపప్పులు ఏరి అతనికి పెడుతూ.

అందరూ వెళ్లాక సుబ్బరావమ్మ గొంతు తగ్గించింది. "అమ్మాయ్, మళ్లీ ఎప్పుడొస్తుందే అమ్మ?"

"రెండో ఆల్బమ్‌కి మామ్మగారూ."

"అయితే ఇల్లు ఖాళీ చెయ్యమాకండి."

రెండు నెలలకు క్యాసెట్లు వచ్చాయి. పాటల కొట్లలో ఎవరూ అడగలేదు గానీ, పూజాసామగ్రి కొట్లో మాత్రం అన్నీ అమ్ముడైపోయి రెండోసారి తెప్పించారు.