మీ హార్డ్‌డిస్కు చెడిపోవుగాక!

పాఠక మహాశయులారా, కోపం తెచ్చుకోకండి. పైన రాసింది శాపం కాదు, దీవెన!

కంప్యూటర్ చెడిపోతే కొంపలు మునుగుతాయని భయపెట్టేవాళ్లు ఎక్కడ చూసినా ఉన్నారు. బ్యాకప్ తీశారా? ఇంకోచోట దాచారా? ఆ ఇంకోచోటు కూడా తగలబడితే ఏం చేస్తారు? ఇలా అడిగి ప్రాణాలు తోడేస్తారు. కుటుంబచరిత్ర రాసుకునేవాళ్లు చేతికి చిక్కితే మరీ వదలరు.

నిజం చెప్పే ధైర్యం నాకొక్కడికే ఉంది. వినండి. కుటుంబచరిత్రను కడుపులో పెట్టుకున్న కంప్యూటర్ ఢామ్మనడం కన్నా ఆ కుటుంబానికి జరగగలిగే మేలు ఇంకొకటి లేదు!

ఎలాగంటారా? మీ ముత్తాత గురించి మీకేం తెలుసు? ఆజానుబాహువనీ, చిరుతపులిని చెప్పుతో కొట్టి తరిమాడనీ తెలుసు. ఫైలంటూ లేనంతకాలం ఆ చిరుత ఏటేటా జానెడు పెరుగుతూనే ఉంటుంది. ఈపాటికి పెద్దపులి అయిపోయి ఉండాలి. ఇంతలో పనీపాటా లేని బంధువొకడు పాత కాగితాలు తవ్వి, స్కాన్ చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. తీరా చూస్తే అది పొరుగింటివాళ్ల కుక్క! పైగా తరిమింది మీ ముత్తాత కాదు, ఆ కుక్కే! ఇలాంటి ఫైలుకి బ్యాకప్ కూడానా?

నా సంగతే తీసుకోండి. మా పిల్లల చాటంత చెవులు మా ఆవిడ వైపు నుంచే వచ్చాయని వాదిస్తూ ఇన్నేళ్లు నిబ్బరంగా కాపురం చేశాను. ఒక్క స్కాన్ చేసిన ఫొటో నన్ను మట్టి కరిపించింది. అందులో మా తాతగారి చెవులు ఫ్రేములో పట్టలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా మాటకి విలువ లేదు.

ఇంతకన్నా పెద్ద సాక్ష్యం కావాలా? అయితే మా బావగారి కథ చెబుతాను.

బావ అంటే మా అక్క భర్త. జీవితమంతా ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. బంధువులు ఆయన్ని చాటుగా "అచ్చుతప్పు" అని పిలుచుకుంటారు. ఆయనకి పెళ్లి కార్డు ఇవ్వాలంటే హడల్. వధూవరులెవరో చూడకముందే ఎర్రపెన్ను తీసి దిద్దడం మొదలుపెడతాడు. దిద్దిన కార్డు తిరిగి చేతికిచ్చి, "మళ్లీ వేయించండి, టైముంది" అంటాడు.

ప్రెస్సులో ఆయనకో పద్ధతి ఉండేది. తన కిందివాళ్లు ప్రూఫులు నిజంగా చదువుతున్నారో, పేజీలు తిప్పి సంతకం గిలికేస్తున్నారో తేల్చుకోవడానికి నడిమధ్య ఎక్కడో ఓ తప్పు కావాలని పెట్టేవాడు. పట్టుకున్నవాడికి టీ ఇప్పించేవాడు. పట్టుకోలేనివాణ్ని తిట్టేవాడు కాదు. ఊరికే ఓసారి చూసేవాడు. తిట్టినా బాగుండునని వాళ్లు అనుకునేవారట.

రిటైరయ్యాక మనిషికి దిద్దడానికేమీ మిగల్లేదు. దాంతో వంశం మీద పడ్డాడు. ఓ కంప్యూటర్ కొని, కాలికి బలపం కట్టుకుని బంధువుల ఇళ్లన్నీ తిరిగాడు. అటకలు ఎక్కాడు. పెట్టెలు దింపించాడు. ముసలివాళ్లని మధ్యాహ్నం నిద్ర లేపి మరీ మాట్లాడించాడు. ఫొటోలు, కాగితాలు, గొంతులు అన్నీ తెచ్చి "మన కుటుంబం" అనే ఫోల్డర్‌లో పెట్టాడు.

అందులో ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీదే. అది వాళ్లమ్మ గొంతు. ఆవిడ పోయేముందు వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి ఓ అరగంట మాట్లాడించి రికార్డు చేశాడు. ఆవిడకో అలవాటు ఉండేది. ఎవరికేం చెబుతున్నా మధ్యమధ్యలో ఆగి, "వింటున్నావా, ఊరికే ఊకొడుతున్నావా?" అని నిలదీసేది.

ఆ మాటని మా అక్క అచ్చుగుద్దినట్టు అనేది. అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆవిడ చాటున, పోయాక అందరి ముందూ, అదే గొంతుతో, అదే విసురుతో అనుకరించి మమ్మల్ని పొట్ట పట్టుకుని నవ్వేలా చేసేది. బావకి మాత్రం ఒళ్లు మండిపోయేది. "మా అమ్మని వెక్కిరించకు" అని విసురుగా లేచి వెళ్లిపోయేవాడు.

సరే, బ్యాకప్ దగ్గరికి వద్దాం. ఇలాంటి మనిషి బ్యాకప్ తీయకుండా ఉంటాడా? ప్రతి ఆదివారం కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చుని, తెర మీద కనబడే "మన కుటుంబం" బొమ్మని పట్టుకుని పెన్‌డ్రైవ్‌లో పడేసేవాడు. పడిందని నమ్మకం కుదిరేదాకా కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఆ పెన్‌డ్రైవ్‌లు బంధువులకి పంచేవాడు. పెళ్లికి అందరూ మిక్సీలిస్తే ఆయన వంశచరిత్ర ఇచ్చేవాడు. పెళ్లికూతురు డబ్బా ఊపి చూసి దిగాలుపడేది.

బంధువులు మాత్రం మర్యాదస్తులు! ఇచ్చిన వారం తిరక్కుండానే మెచ్చుకుంటూ ఫోన్లు చేసేవారు. మందుల షాపు నడిపే తమ్ముడు, "అన్నయ్యా, అమ్మ గొంతు విన్నాక నాకు ముద్ద దిగలేదు" అన్నాడు. స్కూలు టీచరుగా ఉన్న చెల్లెలు, "మా క్లాసు పిల్లలందరికీ వినిపించాను, వాళ్లూ ఏడ్చారు" అంది. బస్సు నడిపే పిన్నికొడుకైతే స్టీరింగు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చానన్నాడు. ఆ బస్సెక్కినవాళ్లు ఇంకా క్షేమంగానే ఉన్నారని తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను.

బావకి అంతకన్నా ఏం కావాలి? మరుసటి ఆదివారం మరింత నిటారుగా కూర్చునేవాడు.

ఒక వేసవి మధ్యాహ్నం కంప్యూటర్ లోపల ఎవరో పళ్లు నూరుతున్నట్టు చప్పుడైంది. తెర నల్లబడింది. మెకానిక్ వచ్చి, విప్పి, చూసి, పెదవి విరిచాడు. "డిస్కు పూర్తిగా పోయింది సార్. ఇందులోంచి ఇంకేమీ రాదు" అన్నాడు. మా అక్క గుండె గుభేలుమంది. బావ మాత్రం చిద్విలాసంగా నవ్వాడు.

"పోతే పోనీవోయ్! ఇలాంటి రోజు వస్తుందనే కదా ఇంటింటా దాచింది."

వెంటనే అందరికీ కబురెళ్లింది. అందరూ పెన్‌డ్రైవ్‌లతో ఆదివారం బావ ఇంట్లో దిగారు. తమ్ముడిది షాపులో గడువు తీరిన మందుల అట్టపెట్టెలో దొరికింది. దగ్గుమందు కారి మూత అంటుకుపోయింది. పిన్నికొడుకు దాంట్లో ఎప్పుడో పాటలు ఎక్కించేసి బస్సులో వాయిస్తున్నాడు. చెల్లెలు మాత్రం తలెత్తుకుని వచ్చింది. తనది బ్యాంకు లాకరులో నగలతోపాటు భద్రంగా ఉంది మరి!

చెల్లెలి ల్యాప్‌టాప్‌కి దాన్ని పెట్టారు. "మన కుటుంబం" అనే పసుపుపచ్చ బొమ్మ కనబడింది. బావ మా అందరి వంకా గర్వంగా చూసి నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. 'ఇక్కడ అలాంటిదేమీ లేదు' అంది కంప్యూటర్.

చెల్లెలు వంగి చూసింది. బొమ్మ మూలన చీమంత బాణం గుర్తు ఉంది.

"అన్నయ్యా... ఇది ఫోల్డర్ కాదు. షార్ట్‌కట్."

"అంటే?"

"అంటే, అసలు ఫోల్డర్ నీ కంప్యూటర్‌లో ఎక్కడుందో చూపించే గుర్తు. నువ్వు ప్రతిసారీ ఈ గుర్తునే కాపీ చేశావు. అసలుది దీంట్లోకి రానేలేదు."

దగ్గుమందు వదిలించి తమ్ముడిదీ చూశారు. అదే బాణం. ఇల్లు దాచాననుకుని ఇంటి అడ్రసు రాసిన చీటీని ఊరంతా పంచిపెట్టాడు మహానుభావుడు! ఇప్పుడు ఆ ఇల్లే లేదు. జీవితమంతా కామా పక్కకి జరిగితే పట్టుకున్న మనిషికి ఆ బాణం ఒక్క ఆదివారమైనా కంటబడలేదు.

బావ మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు.

"ఏరా, అమ్మ గొంతు విన్నాక ముద్ద దిగలేదన్నావు కదా?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "అదీ... అన్నయ్యా... అది ఇంతకుముందు ఇచ్చినదాంట్లో..."

"ఇంతకుముందు ఇచ్చిందీ ఇదేరా."

చెల్లెలు ల్యాప్‌టాప్ వైరు సర్దడంలో మునిగిపోయింది. పిన్నికొడుకు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. నా పెన్‌డ్రైవ్ ఏమైందంటారా? అది ఈ వ్యాసానికి అప్రస్తుతం.

బావకి కోపం రాలేదు. వస్తే మేమంతా బతికిపోయేవాళ్లం. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. "తప్పు నాదే. నేను చూసుకోవాల్సింది" అన్నాడు. "కానీ మీలో ఒక్కళ్లు, ఒక్కసారి తెరిచినా తెలిసిపోయేది కదా. కంప్యూటర్ బాగున్నప్పుడే తెలిసేది. మళ్లీ కాపీ చేసుకునేవాణ్ని. అమ్మ గొంతు మిగిలేది."

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ సూటిగా తగిలింది. కానీ నేను వ్యంగ్య రచయితని. బయటికి కనబడనివ్వకూడదు.

అప్పుడు వంటింటి గడప దగ్గర నుంచి ఒక గొంతు వినబడింది.

"ఏరా పెద్దాడా! అలా మొహం వేలాడేసుక్కూర్చుంటే ఎలారా?"

అందరం ఉలిక్కిపడి చూశాం. మా అక్క! గడప మీద ఓ కాలు ముడిచి, అచ్చం అత్తగారిలాగే కూర్చుని ఉంది. నవ్వడం లేదు.

"నువ్వు పుట్టిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. మీ నాన్నది ఐసు ఫ్యాక్టరీలో పని. కబురందగానే ఏం తేవాలో తోచలేదుట. ఓ ఐసు దిమ్మని గోనెలో చుట్టి భుజానేసుకుని బయల్దేరారు. బండైనా ఎక్కలేదు, నడిచొచ్చారు పిచ్చి మారాజు! ఇంటికొచ్చేసరికి ఐసెక్కడిది, తడిగోనె మిగిలింది. గుమ్మంలో నిలబడి ఏడుపొక్కటే తక్కువ. నేనన్నాను, 'పోనీలెండి, ఆ గోనె ఇటివ్వండి' అని. నాలుగు మడతలేసి, మీద పాత దుప్పటి పరిచి, నిన్ను పడుకోబెట్టా. అప్పటిదాకా గుక్కపట్టి ఏడుస్తున్నవాడివి, చల్లగా తగిలేసరికి ఠక్కున నిద్రపోయావు. వింటున్నావా, ఊరికే ఊకొడుతున్నావా?"

"వింటున్నానమ్మా" అన్నాడు బావ.

ఆ మాట అన్నాక ఆయన ఏడ్చాడు. ఈసారి గదిలో ఎవరి ఏడుపూ ఫోన్లో చెప్పింది కాదు.

అక్క ఆపలేదు. అరగంటా చెప్పింది. రికార్డింగ్‌లో అత్తగారు ఎక్కడ దగ్గిందో అక్కడ దగ్గింది. కుక్కర్ కూతేస్తే ఆవిడ ఎక్కడ ఆగి విసుక్కుందో అక్కడ ఆగి విసుక్కుంది. చెప్పడం అయ్యాక బావ నోరు తెరిచాడు.

"నీకిదంతా ఎలా గుర్తుందే? నేను రికార్డు చేసింది ఒక్కసారే కదా."

"మీరు ఒక్కసారి రికార్డు చేశారు. నేను దాన్ని రోజూ పెట్టుకుని విన్నాను" అంది అక్క. "గిన్నెలు తోముతూ విన్నాను, బట్టలు మడతపెడుతూ విన్నాను. ఒకళ్లని వెక్కిరించాలంటే ముందు వినాలి కదండీ!"

చూశారా పాఠకులారా! ఆ డిస్కు పోకపోతే ఇది బయటపడేదా? కాబట్టి పెన్‌డ్రైవ్‌ల మీద డబ్బు తగలెయ్యకండి. మిమ్మల్ని శ్రద్ధగా వెక్కిరించే మనిషినొకళ్లని ఇంట్లో పెట్టుకోండి. వైరస్ పట్టదు, కరెంటు అక్కర్లేదు.

కథ అయిపోలేదు. మర్నాడు బావ అక్క చేత అదంతా మళ్లీ చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి, కుటుంబం గ్రూపులో పెట్టాడు. అసలు ఫైలే పెట్టాడు, బాణం గుర్తు కాదు. రికార్డింగ్ అరగంట. అలా పెట్టాడో లేదో, ఇలా చప్పట్ల బొమ్మలు, కన్నీళ్ల బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. "మళ్లీ మళ్లీ విన్నాను" అని తమ్ముడు రాశాడు. అప్పటికింకా నా ఫోన్‌లో అది డౌన్‌లోడ్ కూడా పూర్తికాలేదు.

అయితే ప్రెస్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ రికార్డింగ్ నడిమధ్య, ఐసు కథ దాటాక, బావ తన గొంతుతో ఓ మాట చేర్చాడట. అక్క నా ఒక్కడికే చెప్పింది. "ఇక్కడిదాకా విన్నవాళ్లు నాకు ఫోన్ చెయ్యండి. ఏమీ మాట్లాడక్కర్లేదు, రింగిచ్చి పెట్టేసినా చాలు."

ఆ రోజు నుంచి బావ ఫోన్‌కి చార్జింగు తగ్గనివ్వడం లేదు. రింగు శబ్దం గట్టిగా పెట్టుకుని, భోంచేసేటప్పుడు కూడా కంచం పక్కనే ఉంచుకుంటున్నాడు. అది ఇంకా మోగలేదు.

నేనే చేద్దామనుకున్నాను. కానీ ఇప్పుడు చేస్తే అక్క చెబితే తెలిసి చేసినట్టవుతుంది తప్ప, విని చేసినట్టు కాదు. నాకూ నీతీ నియమం ఉన్నాయి! తీరిక చూసుకుని వింటాను.

ఈ గుట్టు ఇలా అచ్చులో పెట్టేస్తే మా బంధువులు చదివి జాగ్రత్తపడరా, అందరూ గబగబా ఫోన్లు చెయ్యరా అని మీకు అనుమానం రావచ్చు. ఆ భయం నాకు బొత్తిగా లేదు. ఈ కాలమ్ అద్భుతంగా ఉందని, ఇదింకా అచ్చుకైనా వెళ్లకముందే, వాళ్లంతా పొద్దున్నే నాకు మెసేజీలు పెట్టేశారు.