కనబడని మెట్లకు జేజేలు

మెట్టు అంచు కంటికి కనబడటం ఆత్మకు మంచిది కాదు. నవ్వకండి, నిజం! కనబడే మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు దేవుణ్ణి తలుచుకునేదెవరు? మా చర్చి మెట్ల దగ్గర మాత్రం అందరూ తలుచుకుంటారు. కొందరైతే పైకే, గట్టిగా.

మాది విక్టోరియా రాష్ట్రంలో ఒకప్పుడు బంగారం తవ్విన ఊరు. చర్చి ముందు బ్లూస్టోన్ అనే రాతితో కట్టిన నాలుగు మెట్లు. పేరులోనే నీలం. మొదటి మెట్టు బూడిద రంగు, దాని పైదీ బూడిద రంగే. నూట నలభై ఏళ్ల నాటివి. వాటిని పరిరక్షించే కమిటీలో నేనూ సభ్యుణ్ణి. నా చదువు అంతంతమాత్రమే. చెయ్యెత్తడానికి అంతకన్నా ఎందుకు?

ఈనిడ్ ట్రెవెల్లా గారికి ఎనభై నాలుగేళ్లు. చూపు నడిమధ్యలో మచ్చ పడింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడదు, పక్కనున్న చెత్తబుట్ట కనబడుతుంది. మా కమిటీ ముందు కూర్చునేవారికి దానివల్ల నష్టమేమీ లేదనుకోండి! కానీ కళ్లు సరిగ్గా చెప్పకపోతే ఒళ్లు కూడా తూలుతుందట. నలభై ఏళ్లుగా ఆదివారం ప్రార్థనకు పూలు అమర్చేది ఆవిడే. ఊపిరున్నంతవరకు ఆ పని ఎవరికీ ఇవ్వనని పంతం. అందుకోసం మమ్మల్ని రెండు అడిగింది: మెట్ల అంచులకు పసుపు పట్టీ, పట్టుకోవడానికి ఒక రెయిలింగ్.

చూశారా అత్యాశ!

తొమ్మిది నెలలు ఆలోచించి రెండూ మంజూరు చేశాం. పాత కట్టడం అందం చెడకూడదు కాబట్టి, పట్టీ రంగు రాతిలో కలిసిపోవాలన్నారు మా అధ్యక్షుడు నెవిల్ పాస్కో. బూడిద మెట్లకు బూడిద పట్టీ అంటించాం. ఎంత చక్కగా కలిసిందంటే, అంటించినవాడే మర్నాడు వచ్చి, "ఇంతకీ నేనెక్కడ అంటించాను?" అని అడిగాడు.

రెయిలింగ్ ఇంకా గొప్పది. అంత పాత రాయికి బెజ్జం పెట్టకూడదు కదా? అందుకని దేనికీ బిగించలేదు. దానంతటదే నిలబడుతుంది, గాలి లేనప్పుడు. దాని మీద నాజూకైన బూడిద అక్షరాలతో రాయించాం: 'దయచేసి పట్టుకోవద్దు.'

మొదటి ఆదివారం ఈనిడ్ వచ్చింది. ఒక చేతిలో తెల్లకర్ర, చంకలో తుమ్మపూల్లాంటి పసుపుపచ్చని వాటిల్ పూలకట్ట. రెండో చెయ్యి రెయిలింగ్ మీద వేసింది. అది ఆవిడతో పాటే వచ్చేసింది. ఇద్దరూ కలిసి రెండో మెట్టు మీద కూలబడ్డారు.

నెవిల్ పరుగెత్తాడు. "అయ్యయ్యో! గీసుకుపోయిందా?"

"మోకాలు కొంచెం మండుతోంది."

"మెట్టు సంగతి అడుగుతున్నాను! దాని మీద రాశాం కదా, చదవలేదా ఈనిడ్?"

"చదవగలిగితే నీ రెయిలింగ్‌తో నాకేం పని నాయనా? ఒక్కదాన్నే గంతులేసుకుంటూ ఎక్కేదాన్ని."

అంతలో ఆవిడ తల పక్కకు తిప్పి, ఓరకంట కిందికి చూసింది. వాటిల్ పూలు మెట్ల అంచుల మీద రాలిపడి ఉన్నాయి.

"ఆగండి! ఎవరూ కదపకండి! అంచు కనబడుతోంది!"

లేచి, కర్ర ఆనించి, మిగతా రెండు మెట్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. తర్వాత నెవిల్ చీపురు తెప్పించాడు. పూల పసుపు రాతికి అంటుకుంటుందేమోనని ఆయన భయం. చీపురు నా చేతికిచ్చాడు. ఊడ్చేశాను.

ఫలితం వినండి! ఆ తర్వాత ఏడు నెలల్లో మా మెట్ల మీద ఒక్కరూ పడలేదు. కమిటీ నివేదికలో ఘనవిజయమని రాసుకున్నాం. ఈనిడ్ రావడం మానేసిందని రాయడానికి అందులో గడి లేదు.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. టీ పోసింది, కప్పు అంచున వేలు ఆనించి, ఒక్క చుక్క ఒలకకుండా.

"పూలెవరు పెడుతున్నారు?" అని అడిగింది.

"ప్లాస్టిక్‌వి కొన్నారు."

కప్పు నా ముందుకు జరిపింది. "అబ్బాయ్," అంది. నాకు అరవై రెండు. "మీ కమిటీ దేన్నైనా కాపాడాలంటే దానికెన్నేళ్లు ఉండాలి?"

"వందేళ్లు. అప్పుడిక దానికి చిన్న దెబ్బ కూడా తగలనివ్వం."

"ఓస్, పదహారేళ్లేగా! నా పేరు ఇప్పుడే రాసి పెట్టు."

సంచిలోంచి కమిటీ ఫారం తీసి రాయడం మొదలుపెట్టాను. ఎత్తు రాశాను. ప్రస్తుత పరిస్థితి: నిలబడి ఉంది, కాస్త ఆసరా కావాలి. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది. 'నిర్మించినవారి పేరు.' మెట్లు చెక్కిన మేస్త్రీ పేరు మా రికార్డుల్లో ఉంది, అందుకే వాటికంత మర్యాద. ఈనిడ్‌ను చేసినవాడి పేరు నాకు తెలుసు. ప్రతి ఆదివారం ఆ మెట్లెక్కి వెళ్లి మేం పాడేది ఆయన్ని గురించే.

ఆ పేరే రాశాను. కమిటీ ఆధారాలు జతచేయమంటుందేమో!