బంధువులు తినేసిన మేత

ఒగ్బొమోషో ఊళ్ళో ఆ శనివారం పొద్దున్న అబెనీ వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. హోటల్ తరఫున కోళ్ళు కొనే అల్హాజీ రఫీయు మధ్యాహ్నం తూకానికి వస్తాడు. రెండు కిలోలు తూగని బ్రాయిలర్‌ని ఆయన ముట్టుకోడు. అందుకని జీడిపప్పు ఫ్యాక్టరీలో ఏరి పక్కన పడేసిన నూక, మాడిన ముక్కలు ఒక బస్తా తెచ్చింది. దోరగా వేయించి, మొక్కజొన్నలో కలిపి, ఆయన వచ్చేలోగా వంద కోళ్ళకీ మెడదాకా మేపాలి. ఆరు వారాలుగా వాటిని పెంచిందీ ఈ మేతతోనే. ఈ బేరం పోతే మొగుడు అకన్బీ జన్మంతా దెప్పుతాడు.

"కంపెనీ దాణా ఉండగా ఈ చెత్తేమిటి తిమీ అమ్మా?" అని, పెళ్ళాన్ని కూతురి పేరుతోనే పిలిచే ఆయన అప్పుడే మొదలుపెట్టాడు.

"చెత్తో బంగారమో అల్హాజీ తక్కెడ చెబుతుంది. మీరు మంట ఎగదొయ్యండి."

బాణలి వేడెక్కింది. కమ్మటి వాసన నాలుగు వీధులు చుట్టింది. కాసేపటికి గోడ మీద పక్కింటి సికీరా తల మొలిచింది.

"బస్తాడు జీడిపప్పే! తిమీకి సంబంధం కుదిరితే మాకో మాట చెప్పకూడదటే?"

"సంబంధమా నా మొహమా! కోళ్ళకి అక్కా."

"కోళ్ళకి జీడిపప్పా! దాచుకో, దాచుకో. మేమేం దిష్టి పెడతామా?"

అబద్ధమైతే నమ్మేదేమో. గంటలో అత్తలు, పిన్నులు, వాళ్ళ తోడికోడళ్ళు తలగుడ్డలు బిగించి దిగారు. పెళ్ళికి అందరం ఒకే గుడ్డ కట్టాలి కదా, నీలమా ఎరుపా అని తగువు పడ్డారు. చంకలో డోలు వాయిస్తూ వంశాల్ని పొగిడే ముసలాయన వచ్చి అబెనీ ముత్తాతల దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. ఇబాదాన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తిమీ ఫోన్ చేసింది.

"అమ్మా, నాకు పెళ్ళట కదా. ఎవరితో?"

ఇంటికొచ్చినవాళ్ళని ఉత్త నోటితో పంపితే ఆ ఊళ్ళో తలెత్తుకోలేరు. వండటానికా, వేళ లేదు. అబెనీ పళ్ళు కొరుక్కుంటూ బాణలిలోంచే పళ్ళేలు నింపింది. మాడిన ముక్కల రుచే వేరని అత్తలు మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నారు. అల్హాజీ కారు వచ్చి ఆగేసరికి బస్తా ఖాళీ. షెడ్డులో కోళ్ళు ఆకలితో గోల పెడుతున్నాయి.

మగపెళ్ళివారొచ్చారని ఆడవాళ్ళంతా మోకాళ్ళ మీద వంగి దణ్ణం పెట్టారు. డోలు ఆయన వైపు తిరిగింది. అల్హాజీ బిత్తరపోయి, చేతిలో పెట్టిన పళ్ళెం ఖాళీ చేసి, షెడ్డులోకి నడిచాడు. ఒక కోడిని పట్టుకుని మెడ కింద మేతసంచిని వేళ్ళతో నొక్కాడు.

"ఖాళీ!" అన్నాడు. ఇంకోటి నొక్కాడు. అదీ ఖాళీయే. "నేనొస్తున్నానంటే ఊరంతా కోళ్ళకి మేత కుక్కి కూర్చుంటారమ్మా. ఆ బరువు నాకు అంటగడతారు. ఇరవై ఏళ్ళకి ఒక నిజాయితీ మనిషిని చూశాను!"

తూచాడు. ఖాళీ కడుపుతో కూడా ఒక్కటీ రెండు కిలోలకి తగ్గలేదు. వందా తీసుకుని, ఇకమీదట ఇక్కడే కొంటానన్నాడు. చెత్త అన్న అకన్బీయే కోళ్ళని బుట్టల్లో సర్దాడు. అబెనీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఇంతకీ ఏం మేపుతారమ్మా?"

"తమరు ఇందాక తిన్నదే."

అల్హాజీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యండి తల్లీ. అదేదో మాత్రం మార్చకండి."

అబెనీ మార్చలేదు. సోమవారం రెండు బస్తాలు తెచ్చింది, ఒకటి కొత్తగా తెచ్చిన కోడిపిల్లలకి, ఒకటి బంధువులకి.