ముందు గదిలో మాయమైన పిస్టన్ లాకు

"ఈ భూమ్మీద నా చేతికి చిక్కకుండా తప్పించుకున్న నేరస్థులు ఇద్దరే ఇద్దరు. ఒకడు నేను పుట్టకముందే నేరం చేశాడు. రెండోవాడు నేరం చేసిన సంగతి నాకు చెప్పలేదు."

గురువారం రాత్రి మా ముందు గది గుమ్మానికి అడ్డంగా నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నా స్నేహితుడు సూక్ష్మం చేసిన ప్రకటన ఇది. ఏ విషయమైనా "సూక్ష్మం చూడాలిరా, సూక్ష్మం!" అంటూ తిరుగుతాడు కాబట్టి వాణ్ణి అందరం అలాగే పిలుస్తాం. పగలంతా కళ్ళద్దాల షాపులో జనం ముక్కుల కొలతలు తీసుకుంటాడు. సాయంత్రం ఆరు దాటితే అపరాధ పరిశోధకుడు. ఇంతవరకూ వాడు ఛేదించిన కేసు ఒక్కటే. మా బడిలో లెక్కల మాస్టారి గొడుగు పోతే, పదకొండు రోజులు పరిశోధించి, గొడుగు దొంగ లెక్కల మాస్టారే అని తేల్చాడు. ఆ మాస్టారు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

వాణ్ణి నేను పిలవలేదు. భూతద్దం ఒకటి అరువివ్వమని కబురు పెట్టాను, అంతే. భూతద్దంతో పాటు మనిషి కూడా వచ్చాడు.

వాణ్ణి తిట్టేముందు నన్ను నేను తిట్టుకోవాలి. నేను పిల్లలకి భూగోళం చెప్పే పంతుల్ని. ఆ పని చేసుకుని ఊరుకోవచ్చుగా! మా మామగారు పోయి మూడేళ్ళు. ఆయన నలభై ఏళ్ళు నడిపిన పాత మోటార్ సైకిలు మా వరండాలో దుమ్ము కొట్టుకుంటూ ఉండేది. ఓ రోజు వీడియోలో ఎవడో కుర్రాడు అలాంటి ఇంజను పదకొండు నిమిషాల్లో విప్పి మళ్ళీ బిగించేయడం చూశాను. ఓస్ ఇంతేనా అనుకున్నాను. విప్పడం మాత్రం నాకూ బాగానే వచ్చింది.

నెల తిరిగేసరికి ముందు గది నేలంతా పాత దుప్పట్లు, దుప్పట్ల మీద ఇంజను. ఒక్కో ముక్క కింద ఒక్కో చీటీ. వీధి చివర షెడ్డులో మేస్త్రి ఉన్నారు, ఆ కాలం బళ్ళు తెలిసిన పెద్దాయన. "బాబూ, వాషర్లూ బోల్టులూ విప్పిన వరుసలోనే తీగకి గుచ్చు. ఆ దండలు మాత్రం తెంపకు. తెంపావంటే దాన్ని పుట్టించినవాడొచ్చినా బిగించలేడు" అన్నారు. నేను బుద్ధిగా ఏడు దండలు గుచ్చాను. చీటీలు ఎగిరిపోతాయని ఫ్యాను కూడా వెయ్యలేదు. నెల రోజులు ఆ గదిలో చెమటలు కక్కాను.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. దుప్పట్ల మధ్య అడుగులో అడుగేసుకుంటూ నడిచేది. మొదటి రోజు మాత్రం ఒకటే అడిగింది. "దాని చప్పుడు మళ్ళీ వినిపిస్తారా?"

"వినిపిస్తాను" అన్నాను. నా నోరు ఆగదు కదా.

ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, ఈలోగా ఎవరో పాత బళ్ళు కొనుక్కునే ఆయన్ని పట్టుకున్నాడు. "బావగారూ, ఆదివారం పొద్దున్న వ్యానొస్తుంది. అప్పటికి బండి మోగితే మీరే ఉంచుకోండి. లేదంటే సంచుల్లో పోసి పంపించేద్దాం. అక్క ఆ ముక్కల్ని చూసి ఎన్నాళ్ళు కుమిలిపోతుంది?" అన్నాడు. మా ఆవిడ తలొంచుకుని సరేనంది. ఆ సరేనడం నాకు బాగా గుచ్చుకుంది.

ఇక గురువారం సాయంత్రం ఏం జరిగిందంటే, పిస్టన్‌లో ఉండే పిన్ను పక్కకి జారిపోకుండా రెండు వైపులా రెండు చిన్న స్ప్రింగు ఉంగరాలుంటాయి. మేస్త్రి వాటిని లాకులంటారు. ఒకటి బిగించాను. రెండోదాన్ని పట్టుకారులాంటి శ్రావణంతో నొక్కి పట్టుకున్నాను. టింగ్‌మంది. అంతే, చేతిలో శ్రావణం ఉంది, లాకు లేదు. మా ఆవిడా నేనూ రెండు గంటలు నేల మీద పాకాం. మేస్త్రిని అడిగితే, "అది లేకుండా బిగిస్తే పిన్ను బయటికొచ్చి సిలిండరు బోరుని చీల్చేస్తుంది. ఆ కొలత లాకు ఇప్పుడెవరూ చెయ్యట్లేదు. వెతికించి తెప్పించాలంటే పదిహేను రోజులు" అన్నారు. ఆదివారానికి రెండు రోజులుంది.

"లాకు ఎగిరిపోయిందని ఎవరన్నారు?" అన్నాడు సూక్ష్మం.

"నేనేరా. నా చేతిలోంచే ఎగిరింది."

"ఎగరడం చూశావా?"

"లేదు. కంట్లో పడుతుందని కళ్ళు మూసుకున్నాను."

"అదీ సూక్ష్మం! చప్పుడు విన్నావు, వస్తువుని చూడలేదు. ఎగిరిందని నీకు అనిపించేలా చేశారు. దీని వెనక ఓ అజ్ఞాత హస్తం ఉంది."

"ఒరేయ్, ఆ గదిలో ఉన్న హస్తాలు రెండే. రెండూ నావే."

"నిన్ను కూడా జాబితాలో రాసుకున్నాను" అని నోటుబుక్కు మూశాడు.

శుక్రవారం పొద్దున్నే వాడు విచారణ మొదలుపెట్టాడు. ముందు మేస్త్రి షెడ్డుకి వెళ్ళాడు. పరువు పోతుందని తెలిసీ నేనూ వెంట వెళ్ళాను.

"గురువారం సాయంత్రం ఆరున్నరకి మీరు ఎక్కడున్నారు?"

"స్కూటరు కింద."

"సాక్షులెవరు?"

"స్కూటరు" అన్నారు మేస్త్రి, తలెత్తకుండానే.

తర్వాత పక్కింటి పిన్నిగారు. నెల రోజులుగా మా సుత్తి చప్పుళ్ళకి ఆవిడ మధ్యాహ్నం నిద్ర పాడైన మాట నిజమే. "మీకు ఆ ఉంగరం మీద ఎప్పణ్ణుంచి కన్నుంది?" అని అడిగాడు సూక్ష్మం. "నాకెందుకు నాయనా? చెవికి పెట్టుకుంటానా, ముక్కుకి పెట్టుకుంటానా? ముందు నీ చెప్పులు మా గడప బయట విడు" అందావిడ. వాడు బయటికొచ్చి, "గమనించావా, చెప్పుల మాటెత్తి తప్పించుకుంది" అని రాసుకున్నాడు.

మధ్యాహ్నం బడిలో ఉండగా బావమరిది ఫోను. "బావగారూ, మీ ఫ్రెండెవరో ఫోన్ చేసి, నీ కదలికలన్నీ నాకు తెలుసు అని పెట్టేశాడు. మీటింగ్‌లో స్పీకర్ ఆన్‌లో ఉంది. ఇప్పుడు ఆఫీసంతా నన్ను అదోలా చూస్తున్నారు." తల పట్టుకున్నాను.

అసలు కొంప సాయంత్రం మునిగింది. నేను ఇంటికొచ్చేసరికి ముందు గదంతా పౌడరు వాసన. సూక్ష్మం దుప్పటి మధ్యలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. చుట్టూ వాషర్లు, బోల్టులు కుప్పగా పడున్నాయి. ఏడు తీగలూ చుట్ట చుట్టి ఓ మూల పెట్టాడు.

"వేలిముద్రలు తీస్తున్నానురా" అన్నాడు ఆనందంగా. "తీగ అడ్డొస్తోందని దండలన్నీ విప్పేశాను. పనిలో పనిగా ఒక్కోదాన్నీ గుడ్డతో శుభ్రంగా తుడిచి, తర్వాత పౌడరు చల్లాను. ఆశ్చర్యం! ఒక్కదాని మీదా వేలిముద్ర లేదు. దొంగ మహా తెలివైనవాడు."

ఆయిలూ పౌడరూ కలిసి పిండిముద్దలా తయారైన గేరు చక్రాన్ని ఎత్తి చూశాను. వాణ్ణి గొంతు పిసికి చంపాలనిపించింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మీరే పంపారన్నారు అన్నయ్యగారు. అందుకే రానిచ్చాను" అంది. ఆ గొంతు విన్నాక చంపే ఓపిక కూడా పోయింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, ఇక వ్యాను రానీ అనుకున్నాను.

శనివారం పది గంటలకి సూక్ష్మం అందర్నీ మా ముందు గదిలో సమావేశపరిచాడు. ఎలా రప్పించాడో వాడికే తెలియాలి. మేస్త్రి మూలన పీట మీద, పిన్నిగారు కుర్చీలో, బావమరిది గోడకానుకుని, మా ఆవిడ గుమ్మంలో. కిటికీలు కూడా మూయించాడు, రహస్యం బయటికి పొక్కకూడదట. అందరికీ చెమటలు కారిపోతున్నాయి.

"ఈ గదిలో ఉన్నవాళ్ళలో ఒకరు నేరస్థులు!" అని మొదలుపెట్టాడు.

"ఆ సంగతేదో తొందరగా తేల్చు నాయనా, స్టవ్ మీద పాలున్నాయి" అన్నారు పిన్నిగారు.

"ఏ నేరానికైనా కారణం ఉంటుంది. ఈ బండి వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది ఎవరు? ముందు గది పోగొట్టుకున్నవాళ్ళు. నెల రోజులుగా ఈ ముక్కల మధ్య రోజుకి వందసార్లు తిరిగింది ఎవరు? ఏ ముక్క ఎక్కడుందో ఎవరికి తెలుసు? లాకు వెతికే నెపంతో రెండు గంటలు నేల మీద పాకింది ఎవరు?" వాడి వేలు గాల్లో గుండ్రంగా తిరిగి గుమ్మం వైపు ఆగింది. "క్షమించు చెల్లెమ్మా. ఆ లాకు దాచింది నువ్వే!"

నాకు ఒళ్ళు మండిపోయి లేవబోయాను. మా ఆవిడ నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

"నేను దాచానా అన్నయ్యగారూ?" అంటూ ముందుకొచ్చింది. "మా నాన్న గొంతు మేమెవరం రికార్డు చేసుకోలేదు. ఫొటోలున్నాయి, అవి మాట్లాడవు. ఆయన ఇంటికొస్తున్నాడంటే వీధి మలుపులో ముందు ఆ బండి వినిపించేది. ఆయనదంటూ నా చెవిలో మిగిలింది అదొక్కటే. దాన్ని నేను దాచుకుంటానా? ఈ దండలు తెంపింది ఎవరు? నేనా, మీరా?"

ఆవిడ ఒక్కో అడుగూ ముందుకేస్తుంటే సూక్ష్మం ఒక్కో అడుగూ వెనక్కేశాడు. "చెల్లెమ్మా, అది పరిశోధనలో భాగం..." అంటూ వెళ్ళి వెళ్ళి గోడకి గుద్దుకున్నాడు. వాడి భుజం సరిగ్గా స్విచ్చు మీద పడింది.

నెల రోజులుగా కదలని ఫ్యాను ఒక్కసారిగా కిర్రుమని తిరిగింది. రెక్కల మీది దుమ్ము మా అందరి నెత్తిన పడింది. చీటీలన్నీ గాల్లోకి లేచాయి. "ఆపండి! ఆపండి!" అని నేను అరుస్తుండగానే పైనుంచి ఏదో దూసుకొచ్చి సూక్ష్మం నుదుటికి తగిలి, టింగ్‌మని నేల మీద పడింది. మేస్త్రి కాలు చాచి దాన్ని తొక్కిపట్టారు. వంగి తీసి, వేలి మీద పెట్టుకుని చూశారు.

"లాకే" అన్నారు. "ఎగిరి ఫ్యాను రెక్క మీద కూర్చుంది. ఆయిలుకి దుమ్ములో అంటుకుపోయింది."

సూక్ష్మం నుదురు తడుముకుంటూ, "అనుకున్నట్టే జరిగింది. మీరందరూ ఉద్రేకపడేవరకూ ఆగాను" అన్నాడు. వాడికి సిగ్గన్నది పుట్టుకతోనే లేదు.

లాకు దొరికింది సరే, దండలు లేవు, చీటీలు లేవు. మేస్త్రి ఆ కుప్ప చూసి పెదవి విరిచారు. "నాకు ఇంజను తెలుసు బాబూ. కానీ ఒకేలా ఉన్న ఈ నలభై వాషర్లలో ఏది ఎక్కడిదో నేను చెప్పలేను."

మా ఆవిడ వచ్చి కుప్ప ముందు కూర్చుంది. ఒక వాషరు తీసి వెలుతురులోకి తిప్పి చూసింది. "ఇది కిటికీ కింద రెండో దండలో చివరిది. అంచు కాస్త వంగి ఉంటుంది. ఊడ్చేటప్పుడు నా కాలికి తగిలేది. ఈ మూడూ పెద్ద చక్రం పక్కనుండేవి. ఈ పొట్టి బోల్టు తలుపు దగ్గరిది." నెల రోజులు వాటిని తప్పించుకుని నడిచిన మనిషి ఆవిడ. నేను వీడియోలు చూశాను, ఆవిడ ముక్కల్ని చూసింది. ఆవిడ చెబుతూ పోయింది, మేస్త్రి బిగిస్తూ పోయారు, నేను అడిగిన పానా అందిస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి ఇంజను బండిలో కూర్చుంది.

ఆదివారం తొమ్మిదింటికి వ్యాను వచ్చి ఇంటి ముందు ఆగింది. అందరూ వీధిలో నిలబడ్డారు. నేను బండెక్కి కిక్కు కొట్టాను. ఒకటి, రెండు, పది. మోకాలి చిప్ప కదిలింది గానీ బండి కదల్లేదు.

"పెట్రోలు కుళాయి తిప్పావా బాబూ?" అన్నారు మేస్త్రి.

తిప్పలేదు. తిప్పాను. ఇంకో పదిసార్లు కొట్టాను. వ్యాను డ్రైవరు వెనక తలుపు తీసి తాళ్ళు బయటపెట్టాడు.

"మీరు దిగండి" అంది మా ఆవిడ.

చీర కొంగు నడుముకి బిగించి ఎక్కింది. కిక్కుని కాలితో మెల్లగా సగం దాకా నొక్కి ఆపింది, చెవి ఇంజను దగ్గర పెట్టింది, మళ్ళీ పైకి తెచ్చి ఒక్క తన్ను తన్నింది. బండి గుక్కతిప్పుకుని దగ్గి, పొగ కక్కి, మోగింది. అసలు ఎప్పుడు నేర్చుకున్నావని అడగబోయి, బావమరిది మొహం చూసి ఊరుకున్నాను. చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆవిడ గేరు వేసి సర్రున వెళ్ళిపోయింది.

"చూశారా, పారిపోతోంది! నా అనుమానం నిజమే!" అని సూక్ష్మం అరిచాడు. పిన్నిగారు వాడి నోటుబుక్కు లాక్కుని మురిక్కాలవలో పడేశారు. ఇన్నేళ్ళలో ఆవిడ మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

వీధి చుట్టి వచ్చేసరికి వ్యాను లేదు, బావమరిదే పంపేశాడు. మా ఆవిడ రెండు కాళ్ళూ నేలకి రాస్తూ, ఇరవై గజాలు ముందుకి పోయి ఆగింది. బావమరిది పరిగెత్తుకెళ్ళి వెనక ఎక్కాడు.

"దిగరా, దీనికి బ్రేకు పడట్లేదు!"

"బ్రేకు పడే రోజుల్లో మాత్రం నాన్న ఎప్పుడైనా వేశాడా? పోనీవే అక్కా."

ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళు మలుపు తిరిగాక కూడా ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది.