టేపు పిన్ని ఏమైంది?

ఆ రోజు పొద్దున మాటకారి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భర్తను ఆఫీసుకు, కూతురిని బడికి సాగనంపాలి. అత్తగారికి మందులిచ్చి టీవీ ముందు కూర్చోబెట్టాలి. ఆ తర్వాత వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, స్టూలు మీద కాళ్ళు చాపుకుని, సాయంత్రం లోపల నవల మొత్తం చదివి పారేయాలి. మాటకారి ఆమె అసలు పేరు కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు తిట్టుగా అన్న మాట. ఇంటిల్లిపాదీ దాన్నే ముద్దుగా పిలవడం మొదలుపెట్టేసరికి, తిట్టిన తిట్టు దండగైపోయిందని ఆవిడకు ఇప్పటికీ మనసులో పీకుతూనే ఉంటుంది.

నవల చదవడం సరదా కోసం కాదు. నెలకోసారి లైబ్రరీ మేడ మీద గదిలో పాఠక మండలి కూడుతుంది. మండలికి ఒకటే పుస్తకం కొంటారు. అది ఒకరింటి నుంచి ఒకరింటికి తిరిగి, ఆఖరి వారితో సభకు వస్తుంది. ఈ నెల సభ ఆ సాయంత్రమే, ఆఖరి వంతు మాటకారిది. చదవకుండా వచ్చిన వారి పేరు కొట్టేస్తారు. ఆ విషయంలో అధ్యక్షురాలు మొహమాటం ఎరగదు. కాలేజీ ప్రిన్సిపాలుగా రిటైరైనా ఆ చూపు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. పోయిన నెల పళ్ళ డాక్టరమ్మ పేరు కొట్టేసినప్పుడు ఆవిడ పాపం నోరు తెరవలేకపోయింది.

ఇంట్లో అందరూ మాటకారిని అడిగే ప్రశ్న ఒక్కటే, ‘ఏం వండావు?’ అని. ‘నువ్వేమనుకుంటున్నావు?’ అని ఆమెను అడిగే చోటు ఈ లోకంలో ఆ మేడ మీద గది ఒక్కటే. అది పోతే మిగిలేది వంటిల్లే. అందుకే కాఫీ కప్పులు కడగడం కూడా వాయిదా వేసి, నిన్నటికే ఇంటికి చేరి ఉండాల్సిన పుస్తకం కోసం చెయ్యి చాచింది. అలమరలో లేదు. పరుపు కింద లేదు. కూతురి బొమ్మల డబ్బాలోనూ లేదు.

వెళ్ళి ఎదురింటావిడను అడిగింది. మాటకారి కన్నా ముందు వంతు ఆవిడదే.

“నిన్న సాయంత్రమే మీ ఆయన చేతిలో పెట్టాను కదా వదినా!”

మాటకారి భర్తకు ఫోన్ చేసింది.

“ఏమండీ, నిన్న ఎదురింటావిడ మీకో పుస్తకం ఇచ్చిందట?”

“ఆఁ, ఇచ్చింది. లావుపాటిది.”

“ఎక్కడ పెట్టారు?”

“ఇదిగో, ఆఫీసులోనే ఉంది. కంప్యూటర్ తెర కింద. ఎన్నాళ్ళుగా మెడ నొప్పి అంటున్నానా? పొద్దున పెట్టి చూశాను, తెర సరిగ్గా కళ్ళకెదురుగా వచ్చింది. అద్భుతమైన పుస్తకమే!”

“అది నేను సాయంత్రానికి చదవాలండీ!”

“ముందే చెప్పొద్దూ? ఇప్పుడు ఆడిటర్లు చుట్టూ కూర్చున్నారు. లాగితే తెర వాళ్ళ ఒళ్ళో పడుతుంది.” ఫోన్ పెట్టేశాడు.

మాటకారి మళ్ళీ ఎదురింటి గడప తొక్కింది. “వదినా, ఆ కథేంటో రెండు ముక్కల్లో చెప్పండి, పుణ్యముంటుంది.”

“అమ్మో! చెబితే దాని రుచి పోతుంది. చదవాల్సిందే.”

“పోనీ, అందులో ముఖ్యమైన మనిషెవరు?”

ఎదురింటావిడ ఆకాశం కేసి చూసి నిట్టూర్చింది. “అదే కదమ్మా అందులో ఉన్న మెలిక!”

ఎంత లోతుగా చదివిందో అని మాటకారికి గౌరవం కలిగింది, దిగులూ పెరిగింది.

అత్తగారు టీవీ గొంతు తగ్గించి అంది: “వెళ్ళకపోతే ఏం మునిగిపోతుందే? ఒంట్లో బాగాలేదని చెప్పేయ్.”

“ఈ నెల ఒళ్ళు బాగాలేదంటే వచ్చే నెల ఇల్లు బాగాలేదంటాను అత్తయ్యా. ఆ తర్వాత వాళ్ళు అడగడమే మానేస్తారు.” చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గడప దాటింది. “పేరు కొట్టేస్తే నా ముందే కొట్టేయమంటాను. ఇంట్లో దాక్కుంటే మాత్రం కొట్టించుకోను.”

మేడ మీద గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఎదురింటావిడ, బ్యాంకు మేనేజరమ్మ, రిటైరైన ఇంజనీరు గారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. అధ్యక్షురాలి పక్కన మాత్రం ఎవరో కొత్తాయన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు కదలకుండా ఉన్నాడు.

“మీ అందరికీ చిన్న కానుక,” అంది అధ్యక్షురాలు. “నవల రాసిన వారినే పిలిపించాను. వారి ముందే మాట్లాడుకుందాం. ఈ నెల అంశం తెలుసుగా? ‘నన్ను వదలని పాత్ర.’ అమ్మాయ్, పుస్తకమేదీ?”

మాటకారి ఖాళీ చేతులు పమిట చాటుకు లాక్కుంది. “మావారి దగ్గరుందండీ. పొద్దున్నుంచీ దాని ముందు నుంచి లేవడం లేదు.”

నవలాకారుడి ముఖం వెలిగిపోయింది. “అంతగా నచ్చిందా?”

“మెడ నొప్పి కూడా తగ్గిపోయిందంటున్నారండీ.”

“అయితే నువ్వే మొదలుపెట్టు,” అంది అధ్యక్షురాలు.

మాటకారి లేచి నిలబడింది. నిజం చెప్పి గౌరవంగా తప్పుకోవచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అధ్యక్షురాలి చేతిలో మూత తీసిన కలం కనబడింది. పేర్లు కొట్టేసే కలమే అది. దాన్ని చూడగానే మాటకారికి ఎక్కడ లేని తిక్క పుట్టుకొచ్చింది. అంత లావు నవలలో మూలన ఎక్కడో ఒక పిన్ని ఉండకపోతుందా అనుకుంది.

“నన్ను వదలనిది ఆ పిన్ని అండీ. బట్టలు కుట్టే పిన్ని. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది, నిద్రలో కూడా తీయదు. అందుకే అందరూ టేపు పిన్ని అంటారు కదా. వీధిలో ప్రతి మనిషి కొలతా ఆవిడకు తెలుసు. ఎవరికీ చెప్పదు. కానీ ఎవరైనా నోరు చేసుకున్నారో, టేపు సవరించుకుని, ‘నడుం కొలత చదవమంటావా?’ అంటుంది. అంతే, ఎదుటి వాళ్ళు నోరు మూసుకుంటారు. ‘ఆడవాళ్ళకు దుకాణమెందుకు?’ అని బావగారు అన్న రోజున ఏం చేసిందో గుర్తుందిగా? తిన్నగా వెళ్ళి ఆయన నోటికి టేపు పెట్టి కొలిచి, ‘దీనికి సరిపడా గుడ్డ నా దగ్గర లేదు బావా’ అంది!”

గది గొల్లున నవ్వింది. మాటకారి కుర్చీలో కూలబడి, ఇక పిడుగు పడటమే తరువాయి అని కళ్ళు మూసుకుంది.

పిడుగు పడలేదు. ఇంజనీరు గారు గొంతు సవరించుకున్నారు. “నేనూ టేపు పిన్ని గురించే మాట్లాడదామనుకున్నాను. ముఖ్యంగా ఆ కుట్టుమిషను చప్పుడు. నవల పొడవునా అది వినిపిస్తూనే ఉంటుంది. చివర్లో ఆవిడ పోయాక ఆ చప్పుడు ఆగిపోతుంది చూశారూ, అక్కడ నేను కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది.”

మాటకారి కళ్ళు తెరిచింది. నిజంగానే ఉన్నట్టుందే ఈ పిన్ని!

“పోవడమేంటండీ?” అంది బ్యాంకు మేనేజరమ్మ విసురుగా. “ఆవిడ చచ్చిపోలేదు. మిషను నెత్తిన పెట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మీరు ఏ పుస్తకం చదివారు?”

“మీరు చదివిందే! స్పష్టంగా చనిపోయింది.”

“ఆవిడ చచ్చే రకమా? అసలు మీకు ఆవిడ అర్థమైందా? బావ మీద పంతం తీర్చుకోకుండా ఎలా చస్తుంది?”

“పంతం ఉన్నవాళ్ళకు చావు రాదా ఏంటమ్మా?”

“ఆవిడకు రాదు! ఆవిడ రానివ్వదు!”

ఇద్దరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. మండలి పుట్టిన దగ్గర నుంచి ఎన్నో నవలలు వచ్చి వెళ్ళాయి కానీ ఆ గదిలో కుర్చీ కదిలింది అదే మొదటిసారి. తగువు ఎదురింటావిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మళ్ళీ పైకప్పు కేసి చూసింది. “రచయిత గారు కావాలనే తేల్చకుండా వదిలేశారు. అదే అందులో ఉన్న మెలిక.”

చివరికి అధ్యక్షురాలు చెయ్యి ఎత్తింది. “మీరంతా పైపైన చూస్తున్నారు. ఆ టేపు సమాజం మనుషులను కొలిచే తీరుకు గుర్తు. ఏమంటారు సార్? మీ ఉద్దేశం అదే కదా?”

అందరూ నవలాకారుడి వైపు తిరిగారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

“నా నవలలో...” అన్నాడాయన మెల్లగా, “టేపు పిన్ని లేదండీ. అసలు పిన్నే లేదు.”

ఇంజనీరు గారు కళ్ళద్దాలు తుడవడంలో మునిగిపోయారు. మేనేజరమ్మకు చేతిసంచిలో ఏదో అత్యవసరంగా వెతకాల్సిన పని పడింది. అధ్యక్షురాలు ఎర్రబడ్డ ముఖంతో మాటకారి వైపు కలం చూపించింది.

“ఎంత ధైర్యం నీకు! చదవకుండా రావడమే కాక ఇంత మంది పెద్దవాళ్ళను బోల్తా కొట్టిస్తావా? నీ పేరు కొట్టేస్తున్నాను.”

మాటకారి లేచింది.

“కొట్టేయండి మేడమ్. నేను చదవలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ కొట్టేసే ముందు ఒక్కటి. ఈ నవలలో కథానాయిక పేరేంటో ఎవరైనా చెప్పండి.”

ఈసారి పైకప్పు కేసి చూసింది ఎదురింటావిడ ఒక్కతే కాదు.

“పోనీ, కిందటి నెల నవలలో? ఆ ముందు నెల?”

ఇంజనీరు గారే ముందు చేతులెత్తేశారు. “ఏం దాచుకుంటాంలే అమ్మా. నేను మొదటి అధ్యాయంలోనే నిద్రపోయాను. ఆ తర్వాత తెరవలేదు.”

“మా ఇంట్లో పుస్తకం ఉన్నన్నాళ్ళూ ఉందని నాకు తెలుసు,” అంది ఎదురింటావిడ. “అంతకు మించి తెలీదు.”

“బ్యాంకులో పని...” మేనేజరమ్మ అక్కడితో ఆపేసింది.

అధ్యక్షురాలు కలం ఒళ్ళోకి దించింది. “నేను ముందుమాట చదివాను. శ్రద్ధగా, రెండుసార్లు చదివాను.”

“చూశారా?” మాటకారికి ఊపు వచ్చేసింది. “నెల నెలా ఇక్కడ ‘పాత్ర చిత్రణ అద్భుతం’ అనేసి టీ తాగి వెళ్ళిపోతున్నాం. ఒక్కరికైనా కోపం వచ్చిందా? ఇవాళ లేని మనిషి చచ్చిందా బతికిందా అని కొట్టుకునే దాకా వచ్చాం! ఎందుకంటారు? ఆవిడ మంచిది కాదు కనుక. ఆవిడకు ఏదో కావాలి, అడ్డొచ్చిన వాణ్ణి కొలిచి పారేస్తుంది కనుక. మంచివాళ్ళను మెచ్చుకుంటాం మేడమ్, గుర్తుపెట్టుకోం. గుర్తుండేది మన మాట వినని వాళ్ళే!”

“నిజమే సార్,” ఇంజనీరు గారు నవలాకారుడి వైపు తిరిగారు. “ఇంతకీ మీ కథానాయిక ఏం చేస్తుంది?”

“బాధపడుతుందండీ.”

“తర్వాత?”

“కిటికీలోంచి చూస్తుంది.”

“ఆ తర్వాత?”

“రెండో కిటికీ ఒకటి ఉంది,” అన్నాడాయన.

ఆయన జేబురుమాలు తీసి ముఖం తుడుచుకుని, కుర్చీ మాటకారి వైపు జరుపుకున్నాడు. సభలోకి వచ్చాక ఆయన కదలడం అదే మొదలు.

“అమ్మా, ఒక్క మాట చెప్పండి. ఆ పిన్ని... నిజంగా చచ్చిపోయిందా?”

“చావలేదు!” అంది మేనేజరమ్మ.

“మిమ్మల్ని కాదండీ. ఆవిడను అడుగుతున్నాను.” ఆయన గొంతులో ఆశ పొంగింది. “రెండో ముద్రణ రాబోతోంది. ఆ పిన్నిని నాకిచ్చేయండి. మొదటి పేజీలో మీకు కృతజ్ఞతలు వేస్తాను.”

మాటకారి ఒక్క క్షణం కరిగింది. అచ్చులో తన పేరు, అత్తగారి చేతిలో ఆ పేజీ, ఆవిడ ముఖం, అన్నీ కళ్ళ ముందు కదిలాయి. మరుక్షణం తల అడ్డంగా ఊపింది.

“ఇవ్వనండీ.”

“ఎందుకమ్మా?”

“మీ ఇంట్లో కిటికీలెక్కువ. మా పిన్నిని తీసుకెళ్ళి వాటి పక్కన కూర్చోబెడతారు. వద్దు. ఆవిడేమైందో నేనే రాసుకుంటాను. బాగా రాకపోతే మీ అందరి చేతా తిట్లు తింటాను, కానీ నేనే రాస్తాను.”

“అయితే వచ్చే నెల పుస్తకం అదే!” అంటూ మేనేజరమ్మ బల్ల చరిచింది. “చచ్చిపోయిందని రాశావో, జాగ్రత్త!”

“బతికించావో, నేను రాజీనామా చేస్తా!” అన్నారు ఇంజనీరు గారు.

“ఒక ప్రతి నాకు కూడా పంపుతారా?” అన్నాడు నవలాకారుడు. మండలి సభ్యత్వానికి ఏం చేయాలో కూడా అడిగి తెలుసుకున్నాడు.

అధ్యక్షురాలు కలం పట్టుకుని కూర్చుండిపోయింది. నిబంధన ప్రకారం చదవని వారి పేర్లన్నీ కొట్టేయాలంటే ముందు తన పేరుతోనే మొదలుపెట్టాలి. చాలాసేపు తర్జనభర్జన పడి, ఎవరి పేరూ ముట్టకుండా ఆ నెల నివేదిక రాసి మూత పెట్టేసింది: “నవల బాగుంది. ముఖ్యపాత్ర అందులో లేకపోవడం ఒక్కటే లోపం.”