బూజు గదికి తడిగుడ్డ

వారం రోజుల జ్వరం తగ్గి ఆఫీసుకు బయల్దేరిన ఆ ఉదయం బూజు సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రిజ్‌లో అడుగు అరలో దాచిన రెండు కవర్లు తీసుకెళ్ళి తనిఖీకి వచ్చే పెద్దల ముందు పెట్టాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. పంటల మీది చీడపురుగులను చంపే బూజును పెంచడం ఆయన ఉద్యోగం. ఉడికించిన అన్నం మీద అది బాగా పెరుగుతుంది. ఎందుకైనా మంచిదని జ్వరానికి ముందే రెండు కవర్లు ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. ఇవాళ పెద్దలు మెచ్చకపోతే ల్యాబు మూసేసి ఆ గదిలో విరిగిన కుర్చీలు పేరుస్తారు. సగం జీవితం పెట్టి పెంచిన బూజు ఆ కుర్చీల కింద పోతుంది.

"అక్కా, కింది అరలో కవర్లు సంచిలో పెట్టావా?"

"పెట్టాన్రా. నువ్వు లేవకముందే పెట్టా. మఫ్లరు చుట్టుకో ముందు."

భార్య పోయినప్పటి నుంచి ఇల్లు అక్కే చూసుకుంటోంది. ఆమె మాటను అనుమానించే అలవాటు ఆయనకు లేదు. దారిలో సంచి వెచ్చగా తగిలితే తన ఒంట్లో వేడే ఇంకా తగ్గలేదనుకున్నాడు.

ల్యాబు తలుపు తీయగానే ఫినాయిల్ ఘాటు ముఖాన కొట్టింది. తెల్లటి బూజుతో నిండి ఉండాల్సిన పళ్ళేలు అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటి పక్కన, స్టోర్స్ నుంచి కొత్తగా బదిలీ అయిన అటెండరు కూడా మెరుస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, పళ్ళేల్లో ఉన్నదంతా ఏమైంది?"

"మీరు లీవు పెట్టిన రోజే డైరెక్టరు గారు చెప్పారు సార్, పెద్దలొస్తున్నారు, ఎక్కడా మరకన్నది కనపడకూడదని. ముందు తడిగుడ్డతో తుడిచి, తర్వాత ఫినాయిల్ పెట్టి తోమా. అబ్బ, ఎంత బూజు సార్!"

"ఇది బూజు గదయ్యా!"

"అందుకేగా సార్, దీంతోనే మొదలెట్టా."

బూజు సారు బల్ల చివరి వైపు తిరిగాడు. "మరి ఈ అద్దాల పెట్టెలో చచ్చిన పురుగులుండాలే?"

"పెద్దవాళ్ళొస్తుంటే శవాలెందుకని పొద్దున్నే పారబోశా. గేటు పక్క మొక్కల మీంచి బలమైనవి ఏరి తెచ్చి వేశా. చూడండి, ఎంత హుషారుగా తింటున్నాయో!"

ఇక మిగిలిన దిక్కు సంచే. కవరు విప్పాడు. లోపల్నుంచి ఆవిరి వచ్చింది. మల్లెపువ్వుల్లాంటి అన్నం. ఫోను తీశాడు.

"అక్కా, ఫ్రిజ్‌లో ఉన్న అన్నం ఏం చేశావ్?"

"చెత్తబండికి వేశా. తెల్లగా బొచ్చు పట్టిపోయింది, దాని మొహం! జ్వరం నుంచి లేచినవాడివి, అది తిని మళ్ళీ మంచమెక్కుతావా?"

"నాకు కాదక్కా, పురుగులకి!"

"పురుగులకైతే మాత్రం? పాచిపోయింది పెడతార్రా ఎవరైనా, పాపం నోరులేని జీవాలు!"

కవర్ల మధ్య కాగితంలో చుట్టిన చెంచా కూడా ఉంది. అరుద్దామని నోరు తెరిచినవాడికి ఆ చెంచా అడ్డం పడింది. ఫోను పెట్టేశాడు.

అంతలో తనిఖీ సంఘం పెద్దావిడ వచ్చింది. ఆవిడ వెనక చేతులు కట్టుకుని డైరెక్టరు.

"మీ బూజు పురుగును ఎలా చంపుతుంది?"

"దానికి పళ్ళూ లేవు, కాళ్ళూ లేవు మేడమ్. పురుగు దాన్ని తినక్కర్లేదు, ఒంటి మీద పడితే చాలు. తడి తగలగానే మొలకెత్తి ఎంజైములు వదులుతుంది. ఒకటి పైనున్న మైనాన్ని, కొవ్వును కరిగిస్తుంది. ఇంకోటి మాంసకృత్తుల పని పడుతుంది. మరోటి పెంకులాంటి కైటిన్‌ను తినేస్తుంది. అలా కరిగించుకుంటూ, తోసుకుంటూ లోపలికి దిగుతుంది. పురుగు చచ్చాక బయటికొచ్చి తెల్లగా పూస్తుంది. నాలుగైదు రోజులు చాలు."

"చూపించండి."

అద్దాల పెట్టెలో ఒక లద్దె పురుగు ఆకు పూర్తిచేసి, ఇంకోటి పెట్టమన్నట్టు తల పైకెత్తింది.

"మంచి ఆరోగ్యంగా ఉందే," అంది పెద్దావిడ. "మరి ఆ కవర్లలో?"

"అన్నం మేడమ్."

"బూజు?"

"చెత్తబండిలో ఉంది."

పెద్దావిడ పెన్నుకు మూత పెట్టింది. ఆ చిన్న చప్పుడులో బూజు సారుకు విరిగిన కుర్చీలు ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపించింది. డైరెక్టరు నుదురు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"మేడమ్, ప్రయోగాల కోసం పురుగులు పెంచే గదైనా చూడండి. అద్దంలా తుడిపించా. మళ్ళీ ఎవరూ పాడుచేయకుండా, తుడిపించిన రోజే నిండా ఆకులు వేయించి తాళం నా జేబులోనే ఉంచుకున్నా."

తలుపు తెరిచాడు. గదంతా నిశ్శబ్దం. వేసిన ఆకులు సగానికి పైగా అలాగే ఎండిపోయి ఉన్నాయి. పెట్టె పెట్టెలోనూ పురుగులు కట్టెల్లా బిగుసుకుని, దూది చొక్కాలు తొడుక్కుని పడి ఉన్నాయి. డైరెక్టరు ముఖం కూడా ఇంచుమించు ఆ రంగుకే వచ్చింది.

బూజు సారు మెల్లగా అటెండరు వైపు తిరిగాడు. "ఇక్కడ ఫినాయిల్ వాడలేదా?"

"లేదు సార్. చిన్న ప్రాణాలు కదా, ఆ ఘాటు తట్టుకోలేవని మనసొప్పలేదు. పళ్ళేలు తుడిచిన తడిగుడ్డే తెచ్చి పెట్టెలు తుడిచా. బాగా ఉక్కగా ఉందని వాటి మీద కూడా నాలుగు చుక్కలు పిండా."

బూజు సారు వంగి ఒక పురుగును దగ్గరగా చూశాడు. తెల్లగా, నిండుగా, ఆరోగ్యంగా ఉంది తన బూజు. తిట్టాలో దండం పెట్టాలో తెలియక అటెండరు భుజం తట్టాడు.

"ఒక్క గుడ్డ పిండితే గది మొత్తం పోయిందా?" పెద్దావిడ పెన్ను మూత మళ్ళీ తీసింది. "ల్యాబు ఉంటుందండీ. ముందు ఆ గుడ్డ తెప్పించండి, పరీక్షకు పంపాలి."

అటెండరు పరుగున వెళ్ళాడు, కాస్త ఆలస్యంగా వచ్చాడు. పెద్దలు అడిగిన వస్తువు మురికిగా ఇవ్వడం మర్యాద కాదని, సబ్బు పెట్టి ఉతికి, మడతపెట్టి మరీ తెచ్చాడు.